మడతపడని టెంటు

ఫోటో స్టూడియో ఆయనకు యాభై దాటాక జీపు పిచ్చి పట్టింది.

అంతకుముందు ఆయనకు ఏ పిచ్చీ లేదు. పొద్దున షట్టరు ఎత్తడం, పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి "గడ్డం కొంచెం దించండి, నవ్వకండి, కదలకండి" అనడం, సాయంత్రం షట్టరు దించడం. స్టూడియోలో ఒక గోడకు నీలిరంగు గుడ్డ ఉండేది. ఎదుటి గోడకు కొండలూ జలపాతమూ గీసిన పెద్ద తెర. కుటుంబాలు వస్తే ఆ తెర ముందు నిలబెట్టేవాడు. ఏళ్ళ తరబడి ఆ కొండలనే చూసీ చూసీ, గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఆయనకు నిజం కొండ ఎక్కాలనిపించింది. ఎవరితోనూ అనలేదు. మరుసటి వారం ఇంటి పక్క సందులో ఒక పాత జీపు నిలబడి ఉంది.

ఆయన భార్య కంటి ఆసుపత్రిలో హెడ్ నర్సు. డ్యూటీ దిగి వచ్చి, చేతిసంచి భుజాన ఉండగానే జీపు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏంటిది?"

"జీపు."

"అది తెలుస్తూనే ఉంది. ఎందుకని అడుగుతున్నా."

"కొండలెక్కడానికి."

"మీరు మేడమెట్లు ఎక్కుతూనే మధ్యలో ఆగి ఫోను చూస్తున్నట్టు నటిస్తారు."

"అందుకేగా జీపు!" అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆమె జీపును 'నా సవతి' అని పిలవడం మొదలుపెట్టింది. "నా సవతికి స్నానమైందా?", "నా సవతి దగ్గుతోంది, వెళ్ళి చూడండి" అనేది. వినేవాళ్ళు కంగారుపడేవారు.

జీపుతోపాటు ఆయనకు ఒక శిష్యుడు కూడా దొరికాడు. భార్య తమ్ముడు, ఇన్సూరెన్సు ఏజెంటు. పాలసీల కోసం ఊరంతా తిరిగినా తిరగకపోయినా, సాయంత్రమయ్యేసరికి బావగారి సందులో తేలేవాడు. జీపులను ఎలా ముస్తాబు చేయాలో చెప్పే వీడియోలు అతను చూడనివి లేవు. కాకపోతే ప్రతి వీడియోనూ సగమే చూసేవాడు. మిగతా సగం తనకే తట్టేస్తుందని అతని ధీమా.

ముందు జీపుకు ముక్కు వచ్చింది. నీళ్ళలోకి దిగినప్పుడు ఇంజనుకు గాలి అందాలంటే పైకప్పు దాకా లేచే గొట్టం ఒకటి ఉండాలి. దుకాణంలో దొరుకుతుంది. "గొట్టం గొట్టమేగా బావా, దానికి కొనడమెందుకు?" అని బావమరిది బాత్రూం పైపు తెచ్చాడు. ఇద్దరూ కలిసి దానికి నల్లరంగు వేసి, పట్టీలు వేసి బిగించారు. జీపు కాస్త వేగమందుకోగానే ఆ పైపులోంచి సన్నగా, దీర్ఘంగా ఒక మూలుగు వచ్చేది. ఎవరో చెప్పుకోలేని బాధతో రాగం తీస్తున్నట్టుండేది. ఆయన వీధి మలుపు తిరగకముందే భార్యకు తెలిసిపోయేది, టీ నీళ్ళు పెట్టేసేది.

ఆ తర్వాత బంపరు. పాత ఇళ్ళు పడగొట్టిన చోట ఒక ఇనుప గేటు దొరికితే, దాన్ని కోయించి ముందుభాగానికి బోల్టులతో బిగించారు. గేటు మీద 'కుక్క ఉంది జాగ్రత్త' అనే పలక అతికి ఉంది. ఎంత లాగినా రాలేదు. రంగు పూశారు గానీ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండటంతో ఎండ పడ్డప్పుడల్లా చక్కగా కనపడేవి. ఆ బంపరు మీద ఒక వించి బిగించారు. బండి బురదలో దిగబడితే ఎదుటి చెట్టుకు తాడు కట్టి మీట నొక్కాలి, తాడు చుట్టుకుంటూ బండిని లాగేస్తుంది. వైర్లు కలిపింది బావమరిది కాబట్టి 'చుట్టు' అని నొక్కితే విప్పేది, 'విప్పు' అని నొక్కితే చుట్టేది. అతను కాసేపు గడ్డం గోక్కుని, స్టిక్కర్లు పీకి అటుది ఇటు అతికించాడు.

"అంతే బావా, సాల్వ్."

పైన వరసగా లైట్లు పెట్టారు. అవి వెలిగిస్తే వైపర్లు తిరిగేవి. వర్షమొస్తే లైట్లు ఎలాగూ కావాలిగా అని ఇద్దరూ సమాధానపడ్డారు.

ఇంట్లో సామానుకు ఒక్కొక్కదానికే కాళ్ళొచ్చి జీపులోకి నడిచిపోతున్నట్టు ఉండేది. అద్దం బల్లకున్న పెద్ద సొరుగు జీపు వెనక వంటగది అయింది. ఇసుకలో చక్రాల కింద వేయడానికి పలక కావాల్సొచ్చి ఇస్త్రీ బల్ల వెళ్ళింది. రెండు మడత కుర్చీలు, ఒక ఇనప్పెట్టె నిండా పనిముట్లు, నీళ్ళ డబ్బాలు, అదనంగా రెండు టైర్లు, వాటిని దింపడానికి ఒక జాకీ, ఆ జాకీ పాడైతే ఇంకో జాకీ.

"ఏవండీ, ఇస్త్రీ బల్ల కనపడట్లేదు."

"అప్‌గ్రేడ్‌లో ఉంది."

"మరి నా యూనిఫాం?"

"తలగడ కింద పెట్టుకుని పడుకో. పొద్దున్నకి అదే సాపవుతుంది."

ఆ రాత్రి ఆయన తలగడ కింద కూడా ఆమె యూనిఫామే ఉంది. కదిలితే ముడతలు పడతాయని హెచ్చరిక.

అన్నిటికంటే గొప్ప పని టెంటు. జీపు పైకప్పు మీద ప్లైవుడ్డుతో మంచమంత పెట్టె కట్టి, చుట్టూ జానెడు గోడలు లేపి, పరుపు పరిచి, ఇనుప కమ్మీల మీద మందపాటి గుడ్డ కప్పారు. ప్లాను ప్రకారం తాడు లాగితే అది పుస్తకంలా మడతపడాలి. తెరుచుకోవడమైతే మొదటిసారే బ్రహ్మాండంగా తెరుచుకుంది. మడతపడటం మాత్రం దాని ఒంటికి పడలేదు. ఇద్దరూ తాడు పట్టుకుని వేలాడారు, పైకెక్కి కూర్చున్నారు, బతిమాలారు. చివరికి బావమరిది కిందికి దూకి చేతులు దులుపుకున్నాడు.

"మడవడం పాత పద్ధతి బావా. మనది ఎప్పుడూ రెడీగా ఉండే మోడలు."

బావగారు నిచ్చెన మీద నుంచి ఆ మాట విని, కాసేపు ఆలోచించి, ఒప్పుకున్నాడు.

ఇంత చేసినా జీపు ఒక్కసారి కూడా కొండ దాకా వెళ్ళలేదు. సందులోంచి స్టూడియోకి, స్టూడియో నుంచి సందులోకి. "ఇంకొక్కటి బిగించాక వెళ్దాం" అనుకునేవారు ప్రతి ఆదివారం.

అలాంటి రోజుల్లో అత్తగారు వచ్చారు.

ఆవిడ ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ సొంత ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఆ వాసన పడక తుమ్ములతో కూతురింటికి వచ్చేశారు. ఎత్తుగా, నిటారుగా ఉంటారు. గదిలోకి వస్తే కూర్చున్నవాళ్ళు ఎందుకో తెలియకుండానే కాళ్ళు దగ్గరకు పెట్టుకుంటారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడకూ అల్లుడికీ మధ్య నడిచిన సంభాషణ అంతా కలిపినా ఒక కార్డు ముక్క మీద పడుతుంది.

"అల్లుడుగారు బాగున్నారా?"

"బాగున్నానండి అత్తయ్యగారూ. మీరు?"

"బాగానే ఉన్నాను."

తర్వాత ఆయన పేపరు వెతుక్కునేవాడు, ఆవిడ కళ్ళజోడు వెతుక్కునేవారు.

ఆవిడ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం నర్సమ్మ ఇంటికొచ్చి చూస్తే తల్లి గదిలో లేదు. సందులోకి వెళితే జీపు పక్కన చెప్పులు నీటుగా జతపెట్టి ఉన్నాయి. పైన టెంటులో ఆవిడ నిద్రపోతున్నారు.

"అమ్మా! ఈ వయసులో నిచ్చెనెక్కడమేంటి?"

"గాలి బాగా తగులుతోందే. పరుపు కూడా గట్టిగా ఉంది, నడుముకు హాయిగా ఉంది" అన్నారావిడ కళ్ళు తెరవకుండానే. "ఇన్నేళ్ళకు మీ ఆయన పనికొచ్చేది ఒకటి చేశాడు."

ఆ మాట అల్లుడికి చేరింది. ఆయన ఆ సాయంత్రం స్టూడియోలో ఎవరితోనూ "నవ్వకండి" అనలేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నం నిద్ర అక్కడే. రాత్రిళ్ళు మాత్రం లోపలి గదిలోనే పడుకునేవారు. అది అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఆ ఆదివారం జరిగింది జరిగింది.

ఆ ఆదివారం జీపు నిజంగానే బయల్దేరాలని నిర్ణయమైంది. ఊరికి దూరంగా రాళ్ళ క్వారీ దాటితే ఒక వాగు, వాగు అవతల కొండ. వాగు దాటాలి, అవతల టీ కాచుకు తాగాలి, మధ్యాహ్నానికి ఇంటికి చేరాలి. తెల్లవారకముందే లేవాలి కాబట్టి బావమరిది ముందురోజే వచ్చి హాల్లో పడుకున్నాడు. అతని గురక మామూలు గురక కాదు. లోపలి గదిలో తుమ్ముల మాత్ర వేసుకున్న అత్తగారు కొంతసేపు ఓర్చుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, అప్పటికీ లాభం లేక దుప్పటి భుజాన వేసుకుని సందులోకి నడిచారు. నర్సమ్మకు ఆ రాత్రి డ్యూటీ. చూసినవాళ్ళు లేరు.

చీకటి విడిపోకముందే బావా బావమరుదులు అడుగులో అడుగు వేసుకుంటూ బయటికొచ్చారు. "అమ్మ లేస్తుంది, మెల్లగా" అని బావమరిది పెదవుల మీద వేలు పెట్టాడు. లోపలి గది తలుపు మూసే ఉంది. అతను నిచ్చెన మడిచి పక్కన కట్టేశాడు. టెంటు గుడ్డకు జిప్పు వేసే ఉంది. రాత్రి తానే వేశాననుకున్నాడు.

జీపు ముందుకు కదిలింది. మెయిన్ రోడ్డెక్కాక ముక్కు రాగం అందుకుంది. మధ్యలో ఒకసారి ఆ రాగంలో ఇంకో గొంతు కలిసినట్టనిపించి ఆయన తల తిప్పాడు.

"ఏదో గురకలా వినపడట్లేదూ?"

"గేరు బాక్సు బావా. ఆయిలు మారిస్తే పోతుంది."

క్వారీ దాటాక మట్టిదారి. పొద్దు పొడుస్తోంది. గడ్డి మీద మంచు మెరుస్తోంది, గుంటలు వచ్చినప్పుడల్లా వెనక సామాను గలగలమంటోంది. ఫోటో స్టూడియో ఆయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని పెదాలు బిగించి నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. ఎందుకు నవ్వుతున్నాడని బావమరిది అడగలేదు. అతనూ నవ్వుతున్నాడు.

వాగు అంత లోతుగా లేదు. మోకాలి దాకా ఉంటుందేమో. ఆయన బండి ఆపి, నీళ్ళను కాసేపు చూసి, గేరు మార్చి మెల్లగా దింపాడు. ముందు చక్రాలు నీళ్ళను చీల్చుకుంటూ నడిచాయి. సగం దాటేశారు. అదిగో అప్పుడు ఫోను మోగింది.

"అక్క" అన్నాడు బావమరిది, స్పీకరు ఆన్ చేస్తూ. "ఏంటక్కా, వాగులో ఉన్నాం. సూపరు!"

"ఒరేయ్, అమ్మ మీతో వచ్చిందా?"

"అమ్మ ఎందుకొస్తుంది? గదిలో ఉంది."

"గదిలో లేదు. ఇల్లంతా వెతికాను, పక్కిళ్ళలో అడిగాను. ఫోను ఇక్కడే ఉంది, కళ్ళజోడు ఇక్కడే ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

"వాకింగుకు వెళ్ళుంటుంది అక్కా."

"చెప్పులు లేకుండానా? చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి."

"ఎక్కడ?" అన్నాడు ఆమె భర్త.

"సందులో. మీ జీపు పెట్టే చోట. చక్కగా జతపెట్టి..."

జీపులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా, ఇద్దరూ ఒకేసారి, తల పైకెత్తి పైకప్పు వంక చూశారు. ఆయన కాలు తనంతట తానే బ్రేకు మీద పడింది.

వాగు మధ్యలో ఆపకూడదు. అది ఏ వీడియోలోనైనా మొదటి సగంలోనే చెబుతారు. జీపు ఆగింది. ఆగి, పెద్దగా నిట్టూర్చి, అంత సామానుతోనూ నింపాదిగా బురదలోకి కూర్చుంది.

పైనుంచి జిప్పు లాగిన చప్పుడైంది.

"అల్లుడుగారూ," అన్నారు అత్తగారు నిద్రగొంతుతో, "మీ సందులో పైపు పగిలినట్టుంది. నీళ్ళ చప్పుడు వస్తోంది."

అంతలో చెవుల్లో దూది తీసి, గుడ్డ తొలగించి చూశారు కాబోలు. ఆ తర్వాత వచ్చిన గొంతు వేరు. ఒకప్పుడు మూడంతస్తుల హాస్టలులో దీపాలార్పించిన గొంతది.

"ఏమయ్యా! నన్నెక్కడికి తెచ్చావయ్యా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అల్లుణ్ణి 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఆయన డోరు తెరిచి నీళ్ళలోకి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకో తెలియదు గానీ, భయంతోపాటు గుండెల మీద నుంచి ఏదో బరువు దిగినట్టనిపించింది.

"వాగులోకండి."

"అది కనిపిస్తోంది. ఎందుకూ అని."

జీపు కొన్న రోజు కూతురు వేసిన ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకప్పుడు అర్థమైంది.

"మీరు పైన ఉన్నారని చూసుకోలేదండి. వీడు చూశాడనుకున్నాను."

"బావ చూశాడని నేననుకున్నానమ్మా."

"ఇద్దరూ అనుకున్నారు. బాగుంది." ఆవిడ టెంటులోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూశారు. ఒంటి మీద పూలపూల నైటీ, తల మీద దుప్పటి ముసుగు. "సరే, నేను దిగను. బురదలో కాలు పెట్టను. మీ యంత్రాలేవో ఉన్నాయిగా, బయటికి లాగండి. అక్కయ్యకు ఫోను చేసి నేను బతికే ఉన్నానని చెప్పరా ముందు."

ఫోనులో నర్సమ్మ చాలా కొద్దిగానే మాట్లాడింది. "అక్కడే ఉండండి. కదలకండి" అంది. కదిలే వీలు లేదని ఆయన చెప్పేలోపు పెట్టేసింది.

ఇప్పుడు వించి వంతు. ఇన్నాళ్ళూ అక్కరకు రాని యంత్రానికి ఈ రోజు పని దొరికిందన్న సంబరం ఆ కష్టంలోనూ ఇద్దరి మొహాల్లో కనిపించింది. బావమరిది తాడు పట్టుకుని అవతలి ఒడ్డుకు ఈడ్చుకెళ్ళి, లావుపాటి చెట్టుకు చుట్టి ముడివేశాడు.

"నొక్కు బావా!"

"ఏది నొక్కాలి? స్టిక్కరు మార్చిందా, మార్చనిదా?"

"రాసిందే నొక్కు!"

నొక్కాడు. తాడు బిగిసింది. వించి రంకె వేసింది. జీపు ఒళ్ళంతా వణికింది. "గట్టిగా పట్టుకోండి అత్తయ్యగారూ!" అని ఆయన అరిచాడు. ఫట్, ఫట్, ఫట్ మని బోల్టులు ఊడాయి. జీపు ఉన్నచోటే ఉంది. బంపరు మాత్రం వించితో సహా కిందికి దూకి, తన తాడు తానే చుట్టుకుంటూ, నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తి ఒడ్డెక్కింది. వైర్లు తెగాక చెట్టు మొదట్లో ఆగింది. ఎండ పడి 'కుక్క ఉంది జాగ్రత్త' స్పష్టంగా మెరిసింది.

బావమరిది బంపరు వంకా, జీపు వంకా మార్చి మార్చి చూశాడు.

"బావా," అన్నాడు బావమరిది ఒడ్డు నుంచి, "కొంతైతే బయటపడింది."

పైనుంచి ఒక వింత శబ్దం వచ్చింది. అత్తగారికి తుమ్ములు మళ్ళీ మొదలయ్యాయేమోనని అల్లుడు కంగారుపడి తలెత్తాడు. ఆవిడ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళలో నీళ్ళు. ఆపుకుందామని చూసి, బంపరు వంక ఇంకోసారి చూసి, మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇంక చాలయ్యా, నా పొట్ట నొప్పెడుతోంది. టీ ఉందా?"

"స్టవ్వు ఉందండి. సొరుగులో."

"మరి పెట్టు. పొద్దున్నే టీ పడకపోతే నాకు తలనొప్పి. ఆ తర్వాత నన్ను మీరు భరించలేరు."

స్టవ్వు సొరుగులో ఉన్న మాట నిజమే. సొరుగు మీద టైర్లున్నాయి, టైర్ల మీద ఇనప్పెట్టె ఉంది, దాని ముందు నీళ్ళ డబ్బాలు, వాటి మధ్య ఇరుక్కుని జాకీలు. ఒక కప్పు టీ కోసం ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. అత్తగారు పైన పడక మీద నిటారుగా కూర్చుని హాస్టలు ఖాళీ చేయిస్తున్నట్టే చేయించారు.

"డబ్బాలు నీడలో పెట్టు. ఆ పెట్టెను ఈడ్వకురా, ఎత్తు. అయ్యో, అది మా అమ్మాయి ఇస్త్రీ బల్ల కాదూ? దొంగ సామానంతా ఇక్కడే ఉందన్నమాట!"

డబ్బాలు ఒడ్డుకు చేరాయి, టైర్లు దొర్లుకుంటూ చేరాయి. ఇనప్పెట్టె మోసేటప్పుడు ఇద్దరూ ఒకసారి కూలబడి లేచారు. సొరుగు వంకరగా బిగుసుకుపోయి తెరుచుకోకపోతే దాన్ని దాని చట్రంతో సహా ఊడబెరికి ఒడ్డుకు మోశారు. చివరికి స్టవ్వు వెలిగింది. టీ మరిగింది. అల్లుడు వేడి గ్లాసు పట్టుకుని, ఒలకకుండా, నీళ్ళలో అడుగు తడుముకుంటూ వెళ్ళి, బానెట్టు ఎక్కి అందించాడు.

ఆవిడ ఒక గుక్క తాగి ఎదురుగా కొండ వంక చూశారు. ఎండ అప్పుడే దాని భుజం మీదికి వస్తోంది. ఏవో తెల్ల పిట్టలు వాగు మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి వెళ్ళాయి.

"నువ్వు కూడా కూర్చోవయ్యా. ఎంతసేపు నిలబడతావ్?"

ఆయన బానెట్టు మీదే కూర్చున్నాడు.

"నా ఉద్యోగమంతా గేట్లు వేయించడమే," అన్నారావిడ. "సాయంత్రం కాగానే తాళం. పిల్లలు విహారానికి వెళ్తే ఎక్కించి పంపించేదాన్ని, మళ్ళీ వచ్చేదాకా వాకిట్లో నిలబడేదాన్ని. వాళ్ళు వచ్చి వాగూ కొండా అని చెప్తుంటే 'సరే సరే, కాళ్ళు కడుక్కోండి' అనేదాన్ని."

"నేను కదలకండి అంటుంటానండి. రోజంతా."

"ఆ మాట విన్నాను. నా పాస్‌పోర్టు ఫోటో తీసినప్పుడు నన్నూ అన్నావు. దొంగలా పడ్డాను అందులో."

"అందరూ అలాగే పడతారండి."

"టీ మాత్రం బాగుంది" అన్నారావిడ. ఈసారి ఆయన పేపరు కోసం వెతకలేదు.

గ్లాసు ఖాళీ అయ్యాక ఆయన సీట్లో కూర్చుని, ఊరికే, ఇంజను తడిసిందేమో చూద్దామని తాళం తిప్పాడు. స్టార్టయింది. గేరు వేశాడు. జీపు ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగింది. సామానంతా దిగిపోయి, బంపరు కూడా పోయి, బండి ఎంత తేలికైపోయిందో అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. చక్రాలు బురదను పట్టుకున్నాయి, వదిలాయి, మళ్ళీ పట్టుకున్నాయి. ఒక్క ఊపున జీపు వాగులోంచి లేచి అవతలి ఒడ్డెక్కేసింది.

"వచ్చేసిందయ్యా, వచ్చేసింది!" అని పైనుంచి అత్తగారు పైకప్పు మీద దబదబా బాదారు.

ఆఖరి మడత కుర్చీని నెత్తిన పెట్టుకుని వాగు మధ్యలో ఉన్న బావమరిది మాత్రం కుర్చీతో సహా బోర్లాపడ్డాడు. జీపు లేపిన అల అతన్ని సరిగ్గా నడుము దగ్గర కొట్టింది.

అతను లేచి కళ్ళు తుడుచుకునేసరికి ఒడ్డు మీద అక్క డ్యూటీకి నడుపుకెళ్ళే చిన్న తెల్ల కారు ఆగి ఉంది. నర్సమ్మ, రాత్రి డ్యూటీ యూనిఫాంలోనే, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"నువ్వెలా వచ్చావు?" అన్నాడు భర్త, నోరు తెరిచి.

"రోడ్డు మీద."

"రోడ్డెక్కడుంది?"

ఆమె రెల్లు గడ్డి వైపు చెయ్యి చూపించింది. గడ్డి వెనక, రాయి విసిరితే పడేంత దూరంలో, చక్కటి వంతెన. దాని మీద పాలవాడు సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్నాడు.

ఆమె ఒడ్డున పడి ఉన్న తన సొరుగును చూసింది, ఇస్త్రీ బల్లను చూసింది, చెట్టు కిందున్న గేటు ముక్కను చదివింది. చివరికి మొగుడి వైపు తిరిగింది. మొహం ఎర్రబడి ఉంది గానీ కళ్ళు తడిగా ఉన్నాయి. ఇల్లంతా వెతికిన భయం ఇంకా దిగలేదు.

"మా అమ్మకేమైనా అయ్యుంటే?"

ఆయన తల దించుకున్నాడు.

"ఏమీ కాలేదు. నేనే తీసుకెళ్ళమన్నాను" అన్నారు పైనుంచి అత్తగారు.

అందరూ పైకి చూశారు. అందరికంటే ఎక్కువగా అల్లుడు ఆశ్చర్యపోయాడు.

"నువ్వా?"

"నేనే. వాగు చూసి చాలా రోజులైంది, తీసుకెళ్ళవయ్యా అన్నాను. పాపం కాదనలేకపోయాడు."

"నైటీలోనా?"

"అయితే? నైటీ వేసుకుంటే వాగు పారదా?"

"చెప్పులు కూడా లేకుండానా?"

"పడుకునే ప్రయాణానికి చెప్పులెందుకే? ఆసుపత్రిలో నీ పేషెంట్లు చెప్పులతో పడుకుంటారా?"

నర్సమ్మ తల్లిని చూసింది, మొగుణ్ణి చూసింది, వాగులో కుర్చీతో నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసిందని తల్లికీ తెలుసు. ఆమె పెదవి చివర కొంచెం వణికింది. దాన్ని కోపమనాలో నవ్వనాలో ఆమెకే తెలియలేదు కాబోలు, వెళ్ళి స్టవ్వు పక్కన కూర్చుంది.

"ఇంకా టీ ఉందా?" అంది.

సామాను ఇంటికి చేర్చడానికి ఆ చిన్న కారు రెండుసార్లు తిరగాల్సొచ్చింది. ఏది జీపులోకి వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో అక్కడే, ఒడ్డు మీదే, అత్తగారు తేల్చేశారు. ఇస్త్రీ బల్ల, సొరుగు ఇంటికి. ఇనప్పెట్టె స్టూడియోకి. గేటు ముక్కను బావమరిది తన గదికి పట్టుకుపోయాడు. జీపులో స్టవ్వు, రెండు కుర్చీలు, ఒక టైరు, ఒకే ఒక్క జాకీ మిగిలాయి. టెంటు ఎలాగూ దిగదు.

నర్సమ్మ పెట్టింది ఒక్కటే షరతు. తాళం తిప్పేముందు, ఆసుపత్రిలో వార్డు చూసినట్టు, ఒకరు నిచ్చెనెక్కి టెంటు లోపల చేత్తో తడిమి చూడాలి. పైన మనిషి ఉంటే బండి కదలకూడదు. తడిమే ఉద్యోగం తమ్ముడిది.

ఆ తర్వాత ఆదివారాలు వంతెన మీదుగానే వెళ్ళారు. అత్తగారు ముందు సీట్లో, తలకు రుమాలు కట్టుకుని. దారిలో ఆవిడ చెప్పే హాస్టలు కబుర్లకు అల్లుడు పగలబడి నవ్వి రెండుసార్లు మలుపు తప్పాడు. కొండ మొదట్లో నీడ చూసి జీపు ఆపేవారు. రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చిన నర్సమ్మ నిచ్చెనెక్కి టెంటులో పడుకునేది. ఆమెకేమైనా కావాలంటే పిలవడానికని బావమరిది ఒక కాలింగ్ బెల్లు బిగించాడు. మీట పైన, గంట కింద.

ఒక ఆదివారం అల్లుడూ అత్తగారూ కింద కుర్చీల్లో కూర్చుని, ఏదో ఒక అమ్మాయి గోడ దూకబోయి వార్డెనమ్మ ఒళ్ళోనే పడ్డ కథలో మునిగి ఉన్నారు. పైనుంచి బెల్లు మోగింది. ఒకసారి, ఆగి, మళ్ళీ చాలాసేపు.

"ఏమంటోంది?" అన్నారావిడ గొంతు తగ్గించి.

"మనల్ని నోరు మూసుకోమంటోందండి."

"నువ్వే గట్టిగా నవ్వావు."

"మీరే గట్టిగా చెప్పారు."

మళ్ళీ బెల్లు మోగింది. ఇద్దరూ కుర్చీలు చేత పట్టుకుని, పిల్లుల్లా అడుగులేస్తూ, వినపడనంత దూరం వెళ్ళి కూర్చున్నారు.